కారులో కుక్క, చేతిలో ఫోన్

ప్రశ్న: మే నెలలో చుట్టాల పెళ్ళికి ఊరి బయట ఒక ఫంక్షన్ హాల్‌కి వెళ్ళాం. మధ్యాహ్నం పన్నెండున్నర. కారులో మర్చిపోయిన గిఫ్టు తెద్దామని వస్తే పక్క కారులో ఒక పగ్ కనిపించింది. అద్దాలన్నీ వేసి ఉన్నాయి, ఇంజను ఆపేసి ఉంది, అది నాలుక మొత్తం బయటపెట్టి రొప్పుతోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెంటనే వీడియో తీసి, ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. నంబర్ ప్లేటు కూడా పడింది. పావుగంట తర్వాత వాచ్‌మన్ చూసి డ్రైవర్ని పిలుచుకొచ్చాడు. కుక్క బతికింది. వీడియో మాత్రం రెండు రోజుల్లో ఎక్కడెక్కడికో పోయింది, కారు ఓనర్లని నోటికొచ్చినట్టు తిట్టారు. వారం తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్ళు డ్రైవర్ని పనిలోంచి తీసేశారు. కుక్కకి కాపలా ఉండమన్నదీ వాళ్ళే, రిటర్న్ గిఫ్టుల అట్టపెట్టెలు పైకి తెమ్మని ఫోన్ చేసిందీ వాళ్ళేనట, డీజిల్ దండగ, ఏసీ ఆపెయ్యమన్నదీ వాళ్ళేనట. నేను చెయ్యకూడని పని చేశానా? ఇలాంటివి చూసినా చూడనట్టు పోవాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చూడనట్టు పోవద్దు. ముందు ఆ మాట గట్టిగా చెప్పేస్తున్నాను. మీరు ఆగడం మంచి పని. వీడియో పెట్టడం మాత్రం తప్పే, నంబర్ ప్లేటు కనిపించేలా పెట్టడం ఇంకా పెద్ద తప్పు. మీరు ఈ రెంటినీ ఒకే పనిగా చూస్తున్నారు, అందుకే నలిగిపోతున్నారు.

ఆ పావుగంట సంగతి చూద్దాం, ఎందుకంటే నన్ను బాధపెట్టింది అదే. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త పడుతుంది, అంతే. ఒంట్లో వేడి పోవాలంటే రొప్పాలి. చుట్టూ ఉన్న గాలే కాలిపోతుంటే ఎంత రొప్పినా ఏం లాభం? పగ్‌కైతే ముక్కే చప్పిడి, మామూలు రోజుల్లోనే గాలి సరిగ్గా ఆడదు. ఒకప్పుడు ఫోన్ కంపెనీ ప్రకటన చూసి ఊరంతా ఆ కుక్కని ముద్దుగా కొనుక్కున్నారు గానీ మన ఎండకి అది ఎలా తట్టుకుంటుందని అడిగినవాళ్ళు తక్కువ. 2005లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఎండలో నిలిపిన కారులో వేడి కొలిచారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం ఒకటిన్నర అంగుళం దించి పెట్టినా పెద్ద తేడా రాలేదు. వాళ్ళు కొలిచింది బయట 22 నుంచి 36 డిగ్రీల దాకా ఉన్న రోజుల్లో. మనది రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఉన్న ఊరు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలుంటుంది, 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. అంటే గ్రూపులో ఎవరో ఒకరు జవాబు ఇస్తారని మీరు చూసిన ఆ పదిహేను నిమిషాలు దానికి చాలా పెద్ద టైం.

మీరు ఉన్నది ఫంక్షన్ హాల్ అండీ. అక్కడ మైకుంది. నాదస్వరం మధ్యలో ఆపించైనా సరే, ఫలానా నంబరు కారులో కుక్క చచ్చిపోయేలా ఉంది, కారు వాళ్ళు వెంటనే రావాలి అని చెప్పిస్తే రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. వాచ్‌మన్ మీకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఎవరూ రాకపోతే ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్. నేను కంప్లైంట్ అనేది దీన్ని. ఆ నిమిషంలో తలుపు తియ్యగలిగిన మనిషికి చెప్పడమే కంప్లైంట్. అమీర్‌పేటలో సోఫాలో కూర్చున్న మీ గ్రూపు మెంబరు ఆ తలుపు తియ్యలేడు కదా.

వీడియో తియ్యొద్దని అనను. రేపు ఎవరైనా అబద్ధమంటే చూపించడానికి ఉండాలి, పది సెకన్లు తీసి జేబులో పెట్టుకోండి, పోలీసులు అడిగితే ఇవ్వండి.

ఇక జనం ఎందుకు వీడియోలే పెడతారో నాకు అర్థమవుతుంది. చట్టం దగ్గరికి వెళ్తే ఏముంది అనుకుంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో సెక్షన్ 11 కింద మొదటిసారి తప్పుకి రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. అవును, యాభై రూపాయలే. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100, లేదంటే మూడు నెలల దాకా జైలు. ఆ సెక్షన్‌లో చాలా నేరాలకి కోర్టు చెప్పకుండా పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చెయ్యలేరు కూడా. 2014లో జల్లికట్టు తీర్పు ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టే ఈ శిక్షలు సరిపోవు, పెంచండని పార్లమెంటుకి చెప్పింది. ఇంత పల్చటి చట్టం చూసి మనకి కోపం రావడం న్యాయమే, నాకూ వస్తుంది. కానీ ఆ కోపంతో మనం ఫోన్లలో వేసే శిక్షకి హద్దు లేదు. యాభై రూపాయల తప్పుకి ఒక మనిషి కూడే పోయింది చూడండి. అదీ తప్పు చేసినవాడిది కాదు. కారు ఓనర్లు నాలుగు రోజులు తలదించుకుని ఉంటారు, ఆ తర్వాత డ్రైవర్‌దే తప్పని చెప్పి బయటపడతారు. మన ఊళ్ళలో పెద్ద కారు పక్కన ఎప్పుడూ ఒక చిన్న జీతగాడు ఉంటాడు, బయటివాళ్ళు వేసిన రాయి అతనికే తగులుతుంది. ఫోన్ తీసేముందు గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఇదీ.

ఇప్పుడేం చెయ్యాలంటారా? ఆ వీడియో తీసెయ్యండి. ఇంకెక్కడెక్కడ తిరుగుతోందో మీ చేతిలో లేదు, మీ దగ్గరున్నదైనా పోతుంది. తీసేసిన చోటే, డ్రైవర్ తప్పు లేదని నాకు తర్వాత తెలిసింది అని రెండు వాక్యాలు రాయండి, ఓనర్ల పేరు ఎత్తకుండా. మీకీ సంగతి చెప్పింది ఆ వాచ్‌మనే అయితే డ్రైవర్ నంబర్ అతని దగ్గర ఉండే అవకాశం ఉంది. ఫోన్ చేసి క్షమించమని అడగండి, తర్వాత మీకు తెలిసిన నాలుగిళ్ళలో అతనికి పని కోసం అడగండి. వింటుంటే ఇబ్బందిగానే ఉంటుందని తెలుసు. అయినా అడగండి.

అద్దం పగలగొట్టవచ్చా అని ఇదే విషయం మీద ఇంకో ముగ్గురు రాశారు కాబట్టి ఇక్కడే చెప్తాను. కారులో చిక్కిన జంతువు కోసం అద్దం పగలగొట్టొచ్చని విడిగా చెప్పే సెక్షన్ నేను చెప్పిన 1960 చట్టంలో లేదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 19 మాత్రం, చెడు ఉద్దేశం లేకుండా, మనిషికో ఆస్తికో వచ్చే ఇంకో నష్టాన్ని తప్పించడానికి మంచి మనసుతో చేసిన పని నేరం కాదంటుంది. చట్టం కళ్ళకి కుక్క ఆస్తే, వినడానికి బాధగా ఉన్నా ఇక్కడ అదే పనికొస్తుంది. అయితే అది తర్వాత మీరు చెప్పుకోవాల్సిన వాదన, ముందే చేతికిచ్చిన పర్మిషన్ కాదు. కుక్క తూలుతోందా, చొంగ చిక్కగా కారుతోందా, పక్కకి ఒరిగిపోయిందా, ఓనర్ని పిలిచారా, 112కి చెప్పారా, పక్కన ఇద్దరు సాక్షులున్నారా, ఇవన్నీ అయ్యాక నేనైతే పగలగొడతాను. కుక్కకి దూరంగా ఉన్న పక్క అద్దం. బయటికి తీశాక నీడలో పడుకోబెట్టి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ, ఏదో ఒకదానితో విసురుతూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యొద్దు.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా కమ్యూనిటీలోనే ఉండే తెలుగువాళ్ళ కారులో, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో వాళ్ళ కుక్క కనిపించింది. ఫోన్ చేద్దామంటే మావారు వద్దన్నారు, పోలీస్ రికార్డు అయితే వాళ్ళ వీసాకి ఏమవుతుందో, మనవాళ్ళే కదా అన్నారు. లోపలికి వెళ్ళి వెతికి చెప్పాం, వాళ్ళు సారీ చెప్పి వెళ్ళిపోయారు. ఇది సరైనదేనా?
– ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఓనర్ తెలుసు, స్టోర్ లోపలే ఉన్నాడని తెలుసు, వెళ్ళి పిలిచారు, తలుపు తెరుచుకుంది. సరైనదే. ఒక్కటే లోటు, మీరిద్దరూ లోపలికి వెళ్ళారు. ఒకరు కారు దగ్గరే ఉండాల్సింది.

మీవారి మాట గురించి మాత్రం నాకు అభ్యంతరం ఉంది. వాళ్ళు మెక్సికో వాళ్ళో చైనా వాళ్ళో అయ్యుంటే మీరు ఫోన్ చేసేవారా? చేసేవారంటే మీరు కుక్కని చూడలేదు, మనవాళ్ళనే చూశారు. మీ రాష్ట్రంలో కుక్కకి పెద్ద దెబ్బ తగలకపోతే మొదటి తప్పుకి జరిమానా ఒక్కో జంతువుకి 100 డాలర్ల దాకా. తీవ్రంగా బాధపడితే 500 డాలర్ల దాకా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. అంటే మీరు ఎంత తొందరగా పిలిస్తే వాళ్ళకీ అంత తక్కువ నష్టం. స్నేహం ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పని కూడా అదే.

2017 జనవరి 1 నుంచి అక్కడ అద్దం పగలగొట్టి జంతువుని కాపాడినవాళ్ళకి చట్టం రక్షణ ఇస్తుంది. అయితే షరతులున్నాయి: తలుపులు లాక్ అయి ఉండాలి, ప్రాణాపాయం ఉందని నమ్మడానికి కారణం ఉండాలి, ముందే పోలీసులకో ఫైర్ వాళ్ళకో యానిమల్ కంట్రోల్‌కో 911కో చెప్పి ఉండాలి, అవసరానికి మించి విరగ్గొట్టకూడదు, అధికారులు వచ్చేదాకా కుక్కతో దగ్గరలోనే ఉండాలి. ఇంకో మాట, మీ ఊళ్ళో టెస్లాలు ఎక్కువ. 2019 నుంచి వాటిలో డాగ్ మోడ్ ఉంది, ఓనర్ ఇప్పుడే వస్తాడని, లోపల ఇంత ఉష్ణోగ్రత అని స్క్రీన్ మీద పెద్దగా చూపిస్తుంది. అద్దంలోంచి ఒకసారి తొంగి చూసి అప్పుడు కంగారుపడండి.

ప్రశ్న: నేను అటువైపు మనిషిని. మందుల షాపు ముందు ఏసీ ఆన్‌లో పెట్టి, కుక్కని కారులో ఉంచి ఐదు నిమిషాలు వెళ్ళాను. వచ్చేసరికి పదిమంది చుట్టూ చేరి హంతకుడా అని తిట్టారు. పక్కనున్న మా అమ్మాయి ఏడ్చేసింది. మాకు కుక్క అంటే ప్రాణం. ఇదేం న్యాయం?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి ముందు మిమ్మల్ని అలా తిట్టడం అన్యాయం. కుక్క బాగుందా లేదా చూసి, మిమ్మల్ని షాపులోంచి పిలిస్తే సరిపోయేది.

కానీ సార్, విజయవాడలో మందుల షాపు పని ఎప్పుడైనా ఐదు నిమిషాల్లో అయ్యిందా? చీటీ చూస్తాడు, ఒక మందు లేదంటాడు, బిల్లు, చిల్లర. ఈలోపు ఇంజను ఆగిపోతే, ఏసీ మొరాయిస్తే, కుక్క మీకు ఫోన్ చెయ్యలేదు. బయటున్నవాళ్ళకి ఏసీ కనపడదు, మూసిన అద్దాలే కనపడతాయి, వాళ్ళ భయం నిజమైనదే. కుక్కని ప్రాణంగా చూసుకునేవాళ్ళే ఎక్కడికైనా వెంట తీసుకెళ్తారు, అందుకే ఇలా వదిలేవాళ్ళలో మంచివాళ్ళే ఎక్కువ ఉంటారు. ఇంట్లో ఉంచి వెళ్ళండి, లేదా అమ్మాయిని కారులో కూర్చోబెట్టకుండా పెద్దవాళ్ళెవరైనా దాంతో ఉండండి. ఎప్పుడైనా ఒక్క నిమిషం దిగక తప్పకపోతే, ఏసీ ఆన్‌లో ఉంది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని ఒక అట్ట మీద రాసి లోపలి నుంచి అద్దానికి ఆనించండి. మీ అమ్మాయి చేత రాయించండి, దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో.