డాక్టర్ సలహా: కడుపుతో ఉన్న కుక్కకు కాల్షియం ఆపండి, నొప్పుల ఇంజెక్షన్ ఇంట్లో వద్దు

ప్రశ్న: మా పొమేరేనియన్ స్వీటీకి 14 నెలలు, బరువు మూడున్నర కిలోలు. రెండోసారి ఎదకు వచ్చినప్పుడు బంధువుల మగకుక్కతో క్రాసింగ్ చేయించాం. అది కాస్త పెద్దది, 8 కిలోలు ఉంటుంది. ఇప్పటికి 53 రోజులైంది. బలానికని నెల రోజులుగా రెండు పూటలా కాల్షియం సిరప్ పోస్తున్నాం. నొప్పులు ఆలస్యమైతే ఇంజెక్షన్ చేస్తానని మా వీధిలోని ఆర్‌ఎంపీ అన్నారు. అది మందుల షాపులో కొని ఫ్రిజ్‌లో ఉంచాం. పాలు బాగా పడాలంటే ఏం పెట్టాలి? పిల్లలను ఎన్నో రోజున అమ్మవచ్చు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటికీ చివర్లో జవాబు రాస్తాను. దానికంటే ముందు, మీరు మామూలు సంగతుల్లా రాసిన రెండు విషయాలు నన్ను కలవరపెట్టాయి. ఒకటి ఆ సిరప్, రెండోది ఫ్రిజ్‌లో ఉన్న ఇంజెక్షన్. ఇది చదవగానే సిరప్ ఆపేయండి. ఇంజెక్షన్‌ను ఎవరి చేతా చేయించకండి. కుక్కను నేను చూడలేదు కాబట్టి మీ దగ్గరి పశువైద్యుడు పరీక్షించి చెప్పిందే ఆఖరి మాట. అయినా ఈ రెండు విషయాల్లో ఏ పశువైద్యుడూ నాతో విభేదిస్తారని అనుకోను.

కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం పోస్తే తల్లికీ పిల్లలకూ ఎముక బలం అని చాలా ఇళ్లలో నమ్ముతారు. కుక్కలో జరిగేది దీనికి తలకిందులు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఎముకల్లోంచి దాన్ని బయటికి లాగే చిన్న గ్రంథులు మెడలో ఉంటాయి. రోజూ బయటి నుంచి కాల్షియం అందుతుంటే ఆ గ్రంథులకు పని ఉండదు, మందగిస్తాయి. పిల్లలు పుట్టి పాలు పొంగే రోజుల్లో కాల్షియం ఒక్కసారిగా పాలలోకి వెళ్లిపోతుంది. ఆ లోటు పూడ్చాల్సిన గ్రంథులు అప్పటికి సిద్ధంగా ఉండవు. గేదెలున్న ఇళ్లవాళ్లకు పాలజ్వరం తెలిసిందే. ఈనిన రెండు మూడు రోజుల్లో గేదె ఒళ్లు చల్లబడి, మెడ పక్కకు వాల్చి కూలబడిపోతుంది. కుక్కలోనూ అదే లోటు, కానీ లక్షణాలు వేరు, వచ్చే సమయమూ వేరు. ఎక్కువగా ఈనిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య వస్తుంది. ఒళ్లు చల్లబడటానికి బదులు కాలిపోతుంది. మొదట స్థిమితం లేకుండా తిరుగుతుంది, పిల్లల దగ్గర పడుకోదు, వగరుస్తుంది. తర్వాత కాళ్లు బిగుసుకుని కర్రల మీద నడిచినట్టు నడుస్తుంది, వణుకుతుంది, ఆపైన ఫిట్స్ వస్తాయి. మూడు నాలుగు కిలోల కుక్కకు నలుగురైదుగురు పిల్లలుంటే ఈ ముప్పు మరీ ఎక్కువ.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు ఉంది. మే నెలలో కుక్క వగరుస్తుంటే అందరూ ఎండదెబ్బ అనుకుంటారు. తడిగుడ్డ కప్పి, ఫ్యాను కింద పడుకోబెట్టి, సాయంత్రానికి సర్దుకుంటుందిలే అని చూస్తారు. పాలిచ్చే కుక్క వణుకుతుంటే సాయంత్రం దాకా ఆగే వ్యవధి ఉండదు. పిల్లలను వెంటనే తల్లి నుంచి వేరుచేసి, ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ గుండె చప్పుడు వింటూ, నరానికి చాలా నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తారు. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది కాబట్టి ఇది ఇంట్లో చేసే పని కాదు. బిగుసుకుపోయిన కుక్క నోట్లో సిరప్ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీరు ఇప్పటికే నెల రోజులు పోశారు. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అవసరమనిపిస్తే రక్తంలో కాల్షియం ఎంతుందో పరీక్ష చేయిస్తారు. ఈనిన తర్వాత కాల్షియం ఇవ్వాలా, ఎంత ఇవ్వాలన్నది కూడా ఆయనే తేల్చాలి.

ఇక ఇంజెక్షన్. మీరు పేరు రాయలేదు గానీ అది ఆక్సిటోసిన్ అయి ఉంటుందని ఊహిస్తున్నాను. గేదెలను చేపుకు రప్పించడానికి అడ్డదారిలో వాడి వాడి, ఈ మందంటే మన ప్రాంతంలో భయం పోయింది. ఇది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఇది గర్భసంచిని గట్టిగా బిగిసేలా చేస్తుంది. పిల్ల బయటికి వచ్చే దారి బాగుండి, నొప్పులే బలహీనంగా ఉన్నప్పుడు అతి చిన్న మోతాదులో పనికొస్తుంది. దారికి పిల్ల అడ్డం పడి ఉన్నా, తల పెద్దదై కటి ఎముకల దగ్గర ఇరుక్కున్నా, ఈ మందు గర్భసంచిని గోడకేసి నొక్కినట్టు నొక్కుతుంది. మాయ ముందే ఊడి లోపలి పిల్లలకు ప్రాణవాయువు అందదు. గర్భసంచి చిరగనూ వచ్చు. దారి తెరిచి ఉందో లేదో వేలితోనూ, ఎక్స్‌రేతోనూ చూడకుండా ఎవరు చేసినా అది ప్రమాదమే. మనుషుల కాన్పుల్లో కూడా ఈ మందును సెలైన్‌లో చుక్కలు చుక్కలుగా, బిడ్డ గుండె చూసుకుంటూ ఎక్కిస్తారు. ఆ ఆర్‌ఎంపీ గారు మేలు చేద్దామనే అని ఉంటారు. ఆయనకు మర్యాదగా వద్దని చెప్పండి.

నిరుడు వేసవిలో ఒక రాత్రి షిట్జు కుక్కను తెచ్చారు. మధ్యాహ్నం నుంచి ముక్కుతోందన్నారు. కడుపు తెరిచి చూస్తే గర్భసంచి ఒకవైపు చిరిగి, ఒక పిల్ల పేగుల మధ్యకు వచ్చేసి ఉంది. ముగ్గురు పిల్లల్లో ఒక్కరూ బతకలేదు. గర్భసంచి తీసేసి తల్లిని దక్కించగలిగాం. అప్పటికే రెండు ఇంజెక్షన్లు చేయించామని ఆ ఇంటి పెద్దాయన ఆపరేషన్ అయ్యాక బయట బల్ల మీద కూర్చుని చెప్పారు. ముందే చెప్పి ఉంటే నేను ఎక్స్‌రే కోసం గడిపిన ఆ అరగంట కూడా మిగిలేది. ఇంట్లో ఏం ఇచ్చినా, ఎవరు ఇచ్చినా, వచ్చిన వెంటనే చెప్పండి. మేం తిడతామని దాచకండి.

స్వీటీ విషయంలో నా భయం ఊరికే కాదు. తల్లి మూడున్నర కిలోలు, తండ్రి ఎనిమిది. తండ్రి పోలికతో పిల్లల తలలు పెద్దవైతే చిన్న కటిలోంచి రావడం కష్టం. పైగా కడుపులో ఒకే పిల్ల ఉంటే అది ఇంకా పెద్దగా పెరుగుతుంది. అందుకే 55 రోజులు దాటాక, అంటే ఎల్లుండి తర్వాత, ఒక ఎక్స్‌రే తీయించండి. అప్పటికి పిల్లల ఎముకలు గట్టిపడి తలలు లెక్కపెట్టడానికి వీలుగా ఉంటాయి. ఈ దశలో ఒక్కసారి తీసే ఎక్స్‌రే వల్ల పిల్లలకు సాధారణంగా హాని ఉండదు. ఎందరున్నారో తెలిస్తే, ఇంకా లోపల ఎవరైనా మిగిలారా అన్న అనుమానంతో తెల్లవార్లూ కూర్చునే అవసరం ఉండదు. తల మరీ పెద్దదని కనబడితే ముందే రోజు చూసుకుని సిజేరియన్ చేయించుకోవచ్చు.

57వ రోజు నుంచి పొద్దున, సాయంత్రం మలద్వారంలో డిజిటల్ థర్మామీటర్ పెట్టి వేడి చూడండి. మామూలుగా 101, 102 డిగ్రీలుండేది 99కి దిగిందంటే సాధారణంగా ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయి. దిగి 24 గంటలైనా నొప్పులు రాకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, ఒక పిల్ల వచ్చాక లోపల ఇంకా ఉన్నారని తెలిసీ రెండు గంటలు గడిచినా వెళ్లాల్సిందే. మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చ ద్రవం కనబడితే గడియారం చూడనక్కర్లేదు, మాయ ఊడిపోతోందని అర్థం. పిల్లలు పుట్టాక అదే రంగు కొద్దిగా కనబడటం మామూలే. ఇంకొంచెం చూద్దాం అన్న మాటతోనే మా దగ్గరికి రావలసిన పిల్లల్లో చాలామంది పోతున్నారు.

అర్ధరాత్రి ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే తేల్చుకోండి. గుంటూరులో రాత్రిపూట చిన్న కుక్కలకు ఆపరేషన్ చేసేవారు ఎవరో ఫోను చేసి కనుక్కుని నంబరు గోడ మీద రాయండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, వేళలు ముందుగా అడగండి. మీకు అక్కడికి కారులో అయినా గంటకు పైనే పడుతుంది, కాబట్టి అదొక్కటే ఆధారంగా పెట్టుకోవద్దు. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది గానీ, రాత్రివేళ సిజేరియన్‌కు దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా అనక తప్పదు. 14 నెలలకే కడుపు చేయించడం తొందరపాటు. కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం ఆడకుక్కకు కనీసం 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈత మించకూడదు, జీవితంలో ఐదు ఈతలు దాటకూడదు. పిల్లలను కని అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. ఒక్క ఈతే కదా అనుకోకుండా మీ జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో అడగండి. ఒక్కసారైనా పిల్లలు పెట్టకపోతే ఆడకుక్కకు జబ్బు చేస్తుందని చాలామంది అంటారు, అందుకే చేయించి ఉంటే అది నిజం కాదు. అసలు కడుపే లేకుండా గర్భసంచి ఆపరేషన్ చేయిస్తే గర్భసంచిలో చీము పట్టే జబ్బు దాదాపు రాదు. ఎదను ఆపే ఇంజెక్షన్లు మాత్రం ఆ చీముకే దారి తీస్తాయి, ఎవరు చెప్పినా చేయించకండి. క్రాసింగ్‌కు ముందు మగకుక్కను ఎవరైనా పరీక్షించారా? మన దగ్గర కలయిక ద్వారా అంటుకునే జననాంగాల గడ్డ కనబడుతూనే ఉంటుంది. స్వీటీకి ఎద లేని రోజుల్లో రక్తం చుక్కలు పడితే దాన్ని గుర్తుంచుకోండి. మాయ, ఉమ్మనీరు ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఆ పనికి దూరంగా ఉండాలి.

పాలు పడటం గురించి అడిగారు. మన ఇళ్లలో చిన్న కుక్కలకు పెట్టే పెరుగన్నం, పాలు, బిస్కెట్లు ఈ సమయంలో చాలవు. కుక్కపిల్లల కోసం దొరికే మేతను రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి, కడుపు పిల్లలతో నిండి ఉండటం వల్ల ఒకేసారి ఎక్కువ తినలేదు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు పెట్టవచ్చు, ఉప్పూ కారం లేకుండా. ఉల్లిపాయ ఏ రూపంలోనూ వద్దు, కుక్కల రక్తకణాలను అది చెడగొడుతుంది. పిల్లలు మూడు నాలుగు వారాలవాళ్లయ్యే సరికి తల్లి మామూలుకంటే రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి తింటుంది, అడిగినంత పెట్టండి. నీళ్లు ఎప్పుడూ పక్కనే ఉండాలి. ఈనిన తర్వాత నొప్పిగా ఉందని మనం వాడే మాత్రలు వేయకండి. మూడున్నర కిలోల కుక్క మూత్రపిండాలకు, పేగులకు అవి తట్టుకోలేనంత భారం.

పిల్లలు వంద గ్రాముల అటూఇటూ ఉంటారు. మొదటి రెండు మూడు వారాలు ఒళ్లు వేడి తామే నిలుపుకోలేరు. బయట 44 డిగ్రీల ఎండ ఉన్నా, పెట్టెను కూలర్ గాలికి ఎదురుగా పెడితే వాళ్లు చల్లబడిపోతారు. పెట్టెలో ఒక మూల వెచ్చగా, తల్లి పడుకునే చోట గాలి ఆడేలా చూసుకోండి. చల్లబడ్డ పిల్లకు పాలు పట్టకూడదు, ముందు గుండెకు హత్తుకుని వెచ్చబెట్టాలి. తల్లి ముర్రుపాలు మొదటి రోజే దక్కాలి. పుట్టగానే ఊపిరి తీయకపోతే కాళ్లు పట్టుకుని తలకిందులుగా విసిరే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల మెదడులో రక్తం చిట్లుతుంది. మెత్తటి పొడి గుడ్డతో వీపు రుద్దండి, నోరు, ముక్కు తుడవండి. రోజూ వంటింటి త్రాసుతో తూచండి, బరువు పెరగని పిల్లకు పాలు అందడం లేదని అర్థం.

అమ్మకం మాట. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని ఆ నియమాల్లోనే ఉంది. నెల పిల్ల ముద్దుగా ఉంటుందని అడిగేవారు వస్తారు, ఇవ్వకండి. తోబుట్టువులతో ఆడుకుంటూనే, ఎంత గట్టిగా కొరకకూడదో పిల్ల నేర్చుకుంటుంది. రెండు వారాల నుంచి నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పార్వో, డిస్టెంపర్ టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా మొదలు కావాలి. మొదటి టీకా పడిన కార్డు చేతికిచ్చి, మిగిలిన తేదీలు కొనేవారికి చదివి వినిపించండి. పార్వో పట్టిన రెండు నెలల పిల్లను మా బల్ల మీద పెట్టినప్పుడు, టీకా ఎప్పుడు వేశారంటే తెచ్చినవాళ్లలో చాలామందికి తెలియదు. స్వీటీకి టీకాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోయినా ఇప్పుడు వేయించకండి, కడుపులో పిల్లలుండగా పార్వో, డిస్టెంపర్ లాంటి టీకాలు వేయరు. ఈనిన తర్వాత ఎప్పుడన్నది మీ డాక్టరునే అడగండి.

ఎక్స్‌రేకు ఎండ ఎక్కకముందే, ఎనిమిదింటిలోపు బయల్దేరండి. ఆ సిరప్ సీసా, ఫ్రిజ్‌లోని ఇంజెక్షన్ వెంట తీసుకెళ్లి డాక్టరు చేతికి ఇవ్వండి. క్రాసింగ్ జరిగిన తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. రెండుసార్లు జరిగి ఉంటే రెండూ రాయండి, 53 రోజులన్న మీ లెక్క మొదటిదాని నుంచో రెండోదాని నుంచో ఉత్తరంలో లేదు.