మళ్ళీ మగ్గం గుంటలోకేనా?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పాటూరు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ అంటే ప్రాణం. టెక్నికల్ టెక్స్‌టైల్స్ చదువుతానంటోంది. ‘మగ్గం గుంటలోంచి బయటపడాలనే కదా ఇంత చదివించింది, మళ్ళీ అందులోకే దింపుతావా?’ అని మా బావమరిది ఎగతాళి చేస్తున్నాడు. ఆ చదువు మంచిదేనా? పదో తరగతిలో ఉన్న మా వాడికి కూడా ఇందులో దారేమైనా ఉందా?

జవాబు: మీ బావమరిది మాటను కొట్టిపారేయను. చీర నేస్తే చేతికి ఎంత మిగులుతుందో మీకు నేను చెప్పాలా? కానీ ఆయన అనుకుంటున్న గుడ్డ వేరు, పాప చదవాలనుకుంటున్న గుడ్డ వేరు. కట్టుకోవడానికి కాక, ఏదో ఒక పని కోసం చేసే గుడ్డనే టెక్నికల్ టెక్స్‌టైల్ అంటారు.

ఈ సాయంత్రం ఒక పని చెయ్యండి. ఖాళీ యూరియా బస్తా ఒకటి తెచ్చి, అంచు కత్తిరించి ఒక్కో పోగూ లాగి చూడండి. పడుగూ పేకా మీకు చూడగానే తెలిసిపోతాయి. కాకపోతే అది నూలు పోగు కాదు, రిబ్బన్‌లా చదునుగా ఉంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గింజల్ని కరిగించి పల్చటి షీటుగా తీసి, సన్నటి పట్టీలుగా కోసి, వేడి మీద కొన్ని రెట్లు సాగదీస్తారు. అలా లాగినప్పుడు లోపలి అణువుల గొలుసులన్నీ ఒక వరసలోకి వస్తాయి. పట్టీకి బలం అక్కడి నుంచే. దాన్ని గుండ్రటి మగ్గం మీద నేస్తారు. అక్కడ దారం మోసే నాడె అటూ ఇటూ తిరగదు, నాలుగో ఆరో నాడెలు ఒకదాని వెనక ఒకటి చుట్టూ పరుగెడుతుంటాయి. బట్ట గొట్టంలా వస్తుంది, అందుకే బస్తాకు పక్కల కుట్టు కనపడదు.

అదే బస్తా ఎండలో పడి ఉంటే కొన్నాళ్ళకు చేత్తో నలిపినా పొడిపొడి అవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ గొలుసుల్ని తెంపేస్తాయి. రొయ్యల గుంటల్లో పరిచే షీట్లు నల్లగా ఎందుకుంటాయో పాపను అడగండి. ఎండ దెబ్బ తట్టుకోవడానికి వాటిలో కార్బన్ బ్లాక్ కలుపుతారు. నిజానికి ఆ షీటు గుడ్డ కిందకి రాదు. రాళ్ళు గుచ్చుకోకుండా అలాంటి షీట్ల కింద పరిచే దళసరి ఫెల్టు మాత్రం పక్కా టెక్నికల్ టెక్స్‌టైల్.

ఆ ఫెల్టును ఎవరూ నెయ్యరు. పీచును పొరలుగా పరిచి, ముళ్ళున్న వేల సూదులతో పొడుస్తారు. సూది దిగిన ప్రతిసారీ పై పీచును కిందికి లాక్కెళ్ళి పెనవేస్తుంది. ప్రకాశం జిల్లాలో లాంటి నల్లరేగడి నేల మీద రోడ్డు వేసేటప్పుడు మట్టికీ కంకరకీ మధ్య దీన్ని పరిస్తే, నీళ్ళు పోతాయి, బురద మాత్రం కంకరలోకి ఎక్కదు. ఇక మాస్కు మధ్య పొర కథ ఇంకోటి. కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి రంధ్రాల్లోంచి వదిలి, వేడిగాలితో ఊది, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి పోగులు తీస్తారు. ఎన్95 మాస్కుల్లో ఆ పొరకు విద్యుదావేశం కూడా ఎక్కిస్తారు, దుమ్మును పట్టి ఉంచేది అదే. సబ్బుతో ఉతికితే ఆ గుణం దెబ్బతింటుంది. కరోనా రోజుల్లో ఉతికి వాడినవాళ్ళం మనలో ఎంతమందో!

ఇలా అందం కోసం కాక పని కోసం చేసే గుడ్డలన్నీ ఈ శాఖలోకే వస్తాయి. మన దేశంలో వీటిని 12 రకాలుగా విడదీస్తారు. కారులో సీటు బెల్టుకు పాలియెస్టర్, ఎయిర్‌బ్యాగుకు ఎక్కువగా నైలాన్ 6,6 వాడతారు. రెండూ ప్రాణం కాపాడేవే కదా, దారం ఎందుకు వేరు? ఈ ప్రశ్న వినగానే పాప పుస్తకాల్లో వెతకడం మొదలుపెడితే చేర్పించండి. ‘పరీక్షలో వస్తుందా?’ అని అడిగితే ఇంకోసారి ఆలోచించండి.

ఇక చేదు సంగతి. ఈ పని నెల్లూరులో దొరకడం కష్టం. ఫ్యాక్టరీలు ఎక్కువగా తమిళనాడు, గుజరాత్, మహారాష్ట్రల్లో ఉన్నాయి. ఉద్యోగం మొదట్లో ప్రొడక్షన్‌లో వేస్తే నైట్ షిఫ్టులు తప్పవు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి అబ్బాయితో పోల్చి టెన్షన్ పడితే ఇంట్లో మనశ్శాంతి ఉండదు. కేంద్రం 2020లో 1,480 కోట్ల రూపాయలతో జాతీయ టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్ పెట్టింది, నిజమే. కాలేజీల ప్రకటనల్లో ఆ అంకె చూసి మాత్రం ఫీజు కట్టకండి.

బీటెక్‌లోనే మరీ ఇరుకైన కోర్సు వద్దని నా అభిప్రాయం. టెక్స్‌టైల్ టెక్నాలజీ గానీ, అది రాకపోతే కెమికల్ ఇంజనీరింగ్ గానీ తీసుకోమనండి. పాలిమర్లు, అంటే ప్లాస్టిక్‌లోని ఆ అణువుల గొలుసుల సంగతి, తెలిసిన పిల్లలు ఈ పరిశ్రమకు ఎప్పుడూ కావాలి. ఢిల్లీ ఐఐటీలో టెక్స్‌టైల్ శాఖ ఉంది, అక్కడికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. జలంధర్ ఎన్ఐటీకి జేఈఈ మెయిన్ చాలు. కోయంబత్తూరులో పీఎస్‌జీ కాలేజీ ఉంది. వైద్యానికి వాడే గుడ్డల మీద పరిశోధన చేసే సిట్రా కూడా ఆ ఊళ్ళోనే. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో టెక్స్‌టైల్‌కు విడిగా పేపరు ఉంటుంది కాబట్టి ఎంటెక్‌లో టెక్నికల్ టెక్స్‌టైల్స్ వైపు తిరగొచ్చు. టెస్టింగ్ ల్యాబులు, నాణ్యత విభాగాల్లో షిఫ్టుల బాధ కాస్త తక్కువ.

ఒకటి మాత్రం పాపకు కలిసొస్తుంది. పడుగు బిగువు ఎక్కువైతే ఏమవుతుందో, పోగు ఎక్కడ తెగుతుందో టౌన్ పిల్లలు పుస్తకంలో చదివి ఊహించుకోవాలి. మీ పాప మగ్గం పక్కన కూర్చుని చూసింది.

మీ వాడి సంగతి. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరున చేనేత సాంకేతిక సంస్థ ఉంది. ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకు అలవాటైన ఊరే. పదో తరగతి తర్వాత అక్కడ మూడేళ్ళ డిప్లొమా చేయొచ్చు. ఆ తర్వాత బీటెక్ రెండో ఏడాదిలో చేరాలనుకుంటే, ఆ డిప్లొమాను ఏయే కాలేజీలు ఒప్పుకుంటాయో చేరకముందే కాగితం మీద రాయించుకోండి. మాట మీద నమ్మి వెళ్ళిన పిల్లవాడొకడు ఏడాది పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.