సమాధానం: ఖాతాలో డబ్బుంది, జీతాలు మాత్రం ఆలస్యం

మీరు కోశాధికారిగా చేరబోతున్న చిన్న సేవాసంస్థకు బ్యాంకు నిల్వ బాగానే ఉందని, అయినా జీతాలు ఆలస్యమవుతున్నాయని రాశారు. ఆ నిల్వను చూసి మురిసిపోకండి. అందులో ఎంత భాగం ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చిందో ముందు అడగండి. భవనానికని దాత ఇచ్చిన సొమ్ముతో జీతాలు ఇవ్వకూడదు. ఖాతాలో 100 ఉండి, 80 అలాంటిదే అయితే సంస్థ చేతిలో ఉన్నది 20. చెల్లించాల్సిన బకాయిలు 5 తీసేస్తే 15. నెల ఖర్చు 5 అయితే, కొత్త రాబడి లేకుండా 3 నెలలు నెట్టుకురాగలరు. చాలా సంస్థలు 3 నుంచి 6 నెలల నిల్వను లక్ష్యంగా పెట్టుకుంటాయి. కానీ రాబడంతా ఒకే దాత నుంచి వస్తుంటే ఆరు నెలలూ నాకు తక్కువే అనిపిస్తాయి.

ఇంకో అనుమానం: మీ గ్రాంటు ముందు సంస్థే ఖర్చు పెట్టి, తర్వాత దాత నుంచి రాబట్టుకునే రకమా? అలాగైతే పని పెరిగేకొద్దీ నగదుకు కటకట తప్పదు. అయినా రావాల్సిన సొమ్మునూ రాబడిగా రాసుకుంటే, లెక్కల్లో మిగులు కనిపిస్తూనే ఉంటుంది.

కనీసం మూడేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కసారి వచ్చిన పెద్ద విరాళాన్ని పక్కన పెడితే లోటు బయటపడవచ్చు. మొత్తం ఖర్చులో పరిపాలన ఖర్చు ఎంత శాతమన్న లెక్కకు నేను పెద్దగా విలువ ఇవ్వను. అది మరీ తక్కువగా ఉంటే, లెక్కలు రాసే మనిషే లేరేమోనని భయం.

రాబోయే 12 నెలల నగదు అంచనా అడగండి. లేకపోతే వాళ్లతోనే కూర్చుని తయారుచేయించండి. షరతు నిధుల్లోంచి ఇప్పటికే జీతాలు ఇచ్చినట్టు తేలితే, పాలకమండలి ఆ దాతతో మాట్లాడేదాకా పదవి ఒప్పుకోకండి.