పద్నాలుగు పాత వాక్యూమ్ క్లీనర్లకు 2,600 డాలర్లా?

ప్రశ్న: మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. నాకు 43 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరిస్తుంటాను (నవ్వకండి). బేస్‌మెంట్‌లో ఇప్పటికే తొమ్మిది ఉన్నాయి. కాంటన్ దగ్గర నాలాగే సేకరించే ఒక పెద్దాయన పోయారు. ఆయన కొడుకు ఉన్న పద్నాలుగూ కలిపి 2,600 డాలర్లంటున్నాడు, విడిగా ఇవ్వడానికి పెద్దగా ఇష్టపడటం లేదు. నాకు 4,000 డాలర్ల బోనస్ వచ్చింది. మా ఆవిడ మొత్తం పాప కాలేజీ కోసం 529లో (చదువుల కోసం ఉండే పొదుపు ఖాతా) వేయమంటోంది. ఇవీ పెట్టుబడే కదా, పేరున్న ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ కూడా వాక్యూమ్ క్లీనర్ల కంపెనీ కొన్నాడు కదా అని నా వాదన. అప్పుల్లేవు, ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో ఉన్నాయి. ఈబేలో ఈ మోడళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో జాబితా జత చేశాను. ధర న్యాయమేనా?

జవాబు: నవ్వలేదండీ. మీ ఉత్తరం చదువుతుంటే మా ఇంట్లో కొన్న వాక్యూమ్ క్లీనర్ గుర్తొచ్చింది. ఇంటికొచ్చిన సేల్స్ కుర్రాడు గొట్టం మూతికి తెల్లగుడ్డ కట్టి, మా పరుపులోంచి దుమ్ము లాగి చూపించేసరికి మా నాన్నగారు అక్కడికక్కడే వాయిదాల మీద తీసేసుకున్నారు. మాది గచ్చు నేల. చీపురుతో రెండు నిమిషాల్లో అయ్యే పని. నెల తిరక్కుండా అది అటకెక్కింది. ఇరవై ఏళ్ల తర్వాత పాత సామాన్లవాడు దాన్ని కాటా మీద పెట్టి, ప్లాస్టిక్ ఇంత, మోటారులో రాగి ఇంత అని లెక్కగట్టి చిల్లర చేతిలో పెట్టాడు.

ముందు మీ పెట్టుబడి వాదన సంగతి చూద్దాం. జాబితాలో మీరు ఎంతో మురిసిపోతూ రాసిన ఎలక్ట్రోలక్స్ ట్రిపుల్ ఎక్స్ డిజైన్ మ్యూజియంలలో కూడా పెట్టిన మోడల్, నిజమే. కానీ 1937లో మొదలుపెట్టి 1954 దాకా తయారు చేస్తూనే వచ్చారు. పైగా లోహపు ఒళ్లు, అంత తొందరగా పాడవదు. అందుకే ఇవాళ్టికీ అమెరికాలో ఎవరో ఒక అమ్మమ్మ గారి గ్యారేజీలోంచి బయటపడుతూనే ఉంటుంది. పాతది కదా అని అరుదైనది అయిపోదు. అరుదైనవి వేరే ఉన్నాయి. కాంటన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోరులో ఊడ్చే పని చేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఆ దుమ్ముకి ఉబ్బసం తట్టుకోలేక, ఫ్యాను, దిండు గలీబు, చీపురు కర్ర కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంట్ వచ్చింది. ఆ హక్కులు తోలు సామాన్ల వ్యాపారి హూవర్ కొని, అదే ఏడాది ‘మోడల్ ఓ (O)’ అనే క్లీనర్‌ని తెచ్చాడు. అలాంటిది ఆ ఇంట్లో ఉండుంటే మన సంభాషణ వేరేలా ఉండేది. మీ జాబితాలో లేదు.

బఫెట్ పేరు కూడా ఎత్తారు కాబట్టి చెబుతున్నా. అప్పట్లో కర్బీ వాక్యూమ్ క్లీనర్లు చేసే స్కాట్ ఫెట్జర్ కంపెనీని ఆయన 1986లో దాదాపు 31.5 కోట్ల డాలర్లకు కొన్న మాట నిజమే. ఆయన కొన్నది ఏటేటా లాభం తెచ్చే వ్యాపారాన్ని. మీ బేస్‌మెంట్‌లో కర్బీ మీకు ఏడాదికి ఎంత తెస్తుంది? ఏమీ తేదు, చోటు తింటుంది. ఇంటికొచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొత్త కర్బీకి పెద్ద మొత్తం పోసినవాళ్లు అదే మళ్లీ అమ్మబోతే ఎంతొస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి ఇది సరదా. సరదాకి ఖర్చు పెట్టడం తప్పు కాదు, దాన్ని ఖర్చు పద్దులోనే రాసుకుందాం.

ఇక ధర. జాబితా తయారు చేయడంలో మీరొక మంచి పని చేశారు: అడుగుతున్న రేట్లు కాకుండా, గత 90 రోజుల్లో నిజంగా అమ్ముడైనవి ఏరారు. అడగడానికేముంది, ఎవరైనా ఎంతైనా అడుగుతారు. మీ లెక్క ప్రకారం పద్నాలుగింటికీ కలిపి 2,200 డాలర్లు. అంటే ఆయన 400 ఎక్కువ అడుగుతున్నట్టు కనిపిస్తుంది. కాదు, ఇంకా చాలా ఎక్కువే అడుగుతున్నాడు.

మీకు నిజంగా కావలసినవి అయిదే అని మీరే రాశారు. వాటి విలువ 1,150. అయితే ఆ రేట్లు నడిచే మెషిన్లవి. ఆ అయిదింటిలో హూవర్ కాన్‌స్టలేషన్ మోడల్‌కి గొట్టం చీలింది. హెన్రీ డ్రేఫస్ డిజైన్ చేసిన 1936 నాటి ‘హూవర్ 150’ మోడల్‌కి వైరు పెళుసెక్కింది, కార్బన్ బ్రష్‌లు (మోటారు లోపల కరెంటు అందించే ముక్కలు) కూడా మార్చాలేమో. ఈ రిపేర్లకు మీరే 150 డాలర్లు అంచనా వేశారు. తీసేస్తే వెయ్యి.

మిగతా తొమ్మిదీ 1,050 అన్నారు. వాటిలో మూడు మీ దగ్గర ఇదివరకే ఉన్నాయి కాబట్టి ఎలాగూ అమ్మాల్సినవే. ఈబే కమీషన్ 13 శాతం అనుకుంటే 137 పోతుంది. ఇంత బరువున్నవి పెట్టెలో కట్టి పంపడానికి ఒక్కోదానికి తక్కువలో తక్కువ 40 వేసుకున్నా 360. చేతికి మిగిలేది 550 చిల్లర, అదీ అన్నీ అమ్ముడైతే. ఆ శని, ఆదివారాలు టేపు చుడుతూ కూర్చునేది మీరు. దానికి నేను లెక్క కట్టలేదు, మీ ఆవిడ కడతారు.

రెండూ కలిపితే 1,550. మొత్తం కొనాల్సి వస్తే అంతకు మించి ఒక్క డాలరు కూడా వద్దు. నన్నడిగితే అయిదే అడగండి, వెయ్యి దాటకండి. కొడుకు ఒప్పుకోడేమో అని టెన్షన్ పడకండి. ఇల్లు ఖాళీ చేయాల్సిన తొందర ఆయనది. ఎస్టేట్ సేల్ (పోయినవాళ్ల ఇంట్లో సామానంతా అక్కడే అమ్మించడం) పెట్టిస్తే అమ్మిపెట్టేవాళ్లకు కమీషన్ పోతుంది, అక్కడ రెండో రోజు సగం ధరకే ఇచ్చేయడం మామూలే. మీ జాబితా ఆయనకే చూపించి, రిపేర్ల లెక్క కూడా దాచకుండా పక్కన పెట్టండి. ఒకవేళ అక్కడ జాబితాలో లేని ఖరీదైనదేదైనా కంటపడితే, ఆ సంగతీ ఆయనకు చెప్పండి. తండ్రి పోయిన ఇంట్లో బేరం ఆడుతున్నాం, ఆ మాత్రం ఉండాలి.

వెళ్లినప్పుడు చూపించగానే ప్లగ్గు పెట్టేయకండి. వైరుని పొడవునా వేళ్లతో తడిమి, మోటారు దగ్గర వంచి చూడండి. లోపలి రబ్బరు పొడిలా రాలితే ఆ మెషిన్‌ని నడవనిదానిగానే లెక్కేయండి. బాగుంటే అయిదు నిమిషాలు నడపండి. మాడు వాసన వస్తోందా, బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఎక్కువగా ఉన్నాయా చూసుకోండి. గొట్టం చివర అరచెయ్యి అడ్డం పెడితే గట్టిగా లాగాలి. లాగకపోతే ఎక్కడో గాలి పోతోంది. ఇంకో మాట, కాన్‌స్టలేషన్ అనగానే తను వదిలే గాలి మీదే తేలుతూ కదులుతుందని అమ్ముతారు. తొలి మోడళ్లు తేలవు. తేలేదాని రేటు తేలనిదానికి ఇవ్వకండి.

బోనస్ విషయానికొస్తే, 3,000 పాప 529లో వేయండి, 1,000 మీ సరదాకి. ఒహాయోలో ఒక్కో బిడ్డ పేరిట ఏడాదికి 4,000 దాకా 529లో వేసినదాన్ని రాష్ట్ర పన్ను పడే ఆదాయంలోంచి మినహాయిస్తారు కాబట్టి మీ ఆవిడ చెప్పిన అంకె గాలిలోంచి వచ్చింది కాదు. మిగిలిన వెయ్యిని డిసెంబరు లోపు నెలనెలా జీతంలోంచి కొంచెం కొంచెం వేసి పూర్తి చేయండి. మీ మెషిన్లకు ఇలాంటి సౌకర్యం లేదు. లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, సరదాగా కొన్నది నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకోలేరు.

బేస్‌మెంట్ అన్నారు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నీటికి కవరేజీ ఉండదు. డ్రెయిన్ ఎగదన్ని వచ్చే నీటికి విడిగా తీసుకోవాలి. మీ పాలసీలో అది ఉందో లేదో ఏజెంటుని అడగండి. ఈలోగా మెషిన్లను నేల మీంచి అర అడుగు ఎత్తున అరల్లోకి మార్చండి.

హైదరాబాద్‌లో మీ తమ్ముడికి ఒకటి పంపుతానన్నారు. షోకేసులో పెట్టుకోవడానికైతే పంపండి. అమెరికా మోటారు 120 వోల్టులది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అక్కడి 230లో పెడితే నిమిషాల్లో మాడి కూర్చుంటుంది. ఆ ముక్క కాగితం మీద రాసి ప్లగ్గుకే అంటించి పంపండి.