తలాంతు, టాలెంట్ ఒకటేనా?

సందేహం: మా క్రైస్తవ సంఘంలో యువకూటానికి ప్రకటన రాస్తూ ‘దేవుడిచ్చిన టాలెంట్‌ను నమ్మకంతో వాడదాం’ అన్నాను. ఒక పెద్దాయన ‘టాలెంట్’ కొట్టేసి ‘తలాంతు’ అని దిద్దారు. ‘తలా ఇంత’ అన్నదే తలాంతు అయిందని ఇంకొకరు చెప్పారు. ఏది సరి? కృపావరం అన్నా ఇదేనా?

సమాధానం: పెద్దాయన దిద్దింది బాగుంది. ‘తలా ఇంత’ వినడానికి ముచ్చటగానే ఉంది కానీ, మాట పుట్టుక అది కాదు. పైగా ఈ మాట వచ్చే ఉపమానంలో (బైబిలులో మత్తయి సువార్త 25వ అధ్యాయం) ప్రయాణమైపోతూ దాసులకు తన సొమ్ము అప్పగించిన యజమాని తలా ఇంత అని సమంగా పంచలేదు. ఒకడికి 5 తలాంతులు, ఒకడికి 2, ఒకడికి 1 ఇచ్చాడు.

తలాంతుకు మూలం గ్రీకు మాట ‘తాలంతోన్’. మొదట త్రాసు, తర్వాత త్రాసులో తూచే ఒక బరువు, ఆపైన ఆ బరువుకు తగ్గ సొమ్ము. టాలెంట్ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. ఈ ఉపమానాన్ని వివరించి చెప్పగా చెప్పగా ఇంగ్లీషులో దానికి ‘సామర్థ్యం’ అనే అర్థం స్థిరపడింది. అయితే రెండూ మన దగ్గరికి వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఇంగ్లీషు మాట మన నోట్లో పడితే ‘ట’ పలుకుతుంది: టికెట్, టేబుల్, టాలెంట్. బైబిలు ద్వారా వచ్చిన గ్రీకు మాటల్లో ‘త’ వినిపిస్తుంది: క్రీస్తు, పెంతెకొస్తు, బాప్తిస్మం. తలాంతులో రెండు చోట్లా ‘త’ ఉంది, చివర మన ఉకారం చేరింది. పాత నిబంధన తెలుగులో మాత్రం ఈ బరువుకు చాలాచోట్ల మన ‘మణుగు’నే వాడారు. సిరియా సేనాధిపతి నయమాను వెంట తీసుకెళ్లింది ఇరవై మణుగుల వెండి.

కథలో తలాంతు అంటే సామర్థ్యం కాదు, డబ్బే. ‘ఎవని సామర్థ్యము చొప్పున’ వానికి తలాంతులు ఇచ్చాడని అక్కడే ఉంది. అదీ చిన్న సొమ్ము కాదు. ఒక తలాంతు 6000 దేనారాలు (దేనారం అంటే రోమా వెండి నాణెం). కూలివాడి రోజు కూలి ఒక దేనారం. అంటే ఒక్క తలాంతు అందుకున్నవాడి చేతిలోనూ దాదాపు 20 ఏళ్ల కూలి ఉంది! ‘నాకున్నది ఒక్క తలాంతే’ అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో చూడండి.

నాకు తలాంతు అన్న మాట ఇష్టం కావడానికి కారణం వేరే ఉంది. ‘నా టాలెంట్’ అన్నప్పుడు అది నా సొంతం అన్నట్టు ఉంటుంది. తలాంతు అనగానే అప్పగించిన యజమాని గుర్తొస్తాడు. పాడే గొంతైనా, డోలక్ వాయించే చేతులైనా, కానుకల లెక్క పైసాతో సహా రాసిపెట్టే ఓపికైనా, సొమ్ము ఆయనది, మన దగ్గర ఉంచాడు. కథలో ఒక్క తలాంతు అందుకున్నవాడు దాన్ని భూమిలో దాచినట్టు ‘తలాంతును పాతిపెట్టకు’ అన్న మాట సంఘాల్లో ఇంత బలంగా నిలిచింది అందుకే.

కృపావరం దీనికి దగ్గరి మాటే, ఒకటే కాదు. మన పురాణాల్లో వరం తపస్సు చేసి, అడిగి పొందేది. కృపావరం అలా సంపాదించుకునేది కాదు, దేవుడు కృపతో ఇచ్చేది. గ్రీకులో ‘ఖారిస్మా’ అనే మాట కృప అనే అర్థమున్న ‘ఖారిస్’ నుంచే వచ్చింది కాబట్టి ‘కృప’ను ముందు చేర్చిన అనువాదం చక్కగా కుదిరింది. ప్రవచనం, బోధ, పరిచర్య వంటివి చెప్పేటప్పుడు కృపావరం అనండి. పాట, కుట్టుపని, లెక్కలు వంటివాటికి తలాంతు సహజంగా ఉంటుంది. సంఘం బయటివాళ్లకు రాసేటప్పుడు ప్రతిభ, నేర్పు అంటే చాలు.

పెద్దాయన చూడని దిద్దుబాటు ఒకటి మిగిలింది. ‘నమ్మకంతో’ అంటే మనలో ధీమా ఉందని. ‘నమ్మకంగా’ అంటే మనల్ని నమ్మినవాడి పట్ల నిజాయితీగా ఉన్నామని. ‘ఆ గుమాస్తా ఇరవై ఏళ్లు నమ్మకంగా పనిచేశాడు’ అంటాం, ‘నమ్మకంతో’ అనం. కథలో యజమాని మెచ్చుకున్నదీ ‘నమ్మకమైన’ దాసుణ్ణే. కాబట్టి మీ ప్రకటన ఇలా రాయండి: ‘దేవుడిచ్చిన తలాంతును నమ్మకంగా వాడదాం.’ లా-కు దీర్ఘం ఉండాలి, ‘తలంతు’ అని రాయకండి.