కోరింగ మడ అడవులు మళ్లీ పెంచాలంటే ఊరివాళ్లను ఎందుకు అడగాలి?

కాకినాడ దగ్గర గోదావరి డెల్టాలో ఉన్న కోరింగలో మడ (ఉప్పునీటి తీరాన పెరిగే చెట్లు) చచ్చిపోయిన చోట నీరు నిలిచి, ఎండి, నేలలో ఉప్పు పేరుకుపోతుంది. నాటిన మొక్క బతకదు. అందుకే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, సముద్రపు పోటు నీరు లోపలికొచ్చి, పోటు తగ్గగానే తిరిగి పోయేలా చేస్తారు. ఉప్పు తగ్గాకే నాటుతారు. ఏ పాయలో పోటు ఎంత ఎక్కుతుందో, ఏ మూల ఒండ్రు మేట వేస్తుందో రోజూ వల వేసేవాళ్లకు తెలిసినంతగా మ్యాపు చెప్పలేదు. కాలువ పూడితే పూడిక తీయాల్సిందీ వాళ్లే. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ ఇక్కడ ఊరి కమిటీలను కలుపుకునే ఈ పని చేశాయి. చివర్లో సంతకాల కోసం పెట్టే గ్రామసభ చాలదు. స్థలం ఎంచకముందే అడగాలి, గుల్లలు ఏరే ఆడవాళ్లను కూడా. మడలోంచి తెచ్చుకునే వంటచెరకు, పశువుల మేత ఇక ఎక్కడ దొరుకుతాయో ప్రణాళికలోనే తేల్చాలి.