దేనికి రెడీగా ఉండాలో చెప్పలేదు సార్

చిరంజీవికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఎమ్మెస్ చదవడానికి మేరీలాండ్ వెళ్లిన పిల్ల, సెలవు రోజుల్లో పాత పేపర్లు తిరగేసి, ఇరవై ఏళ్ల కిందటి వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు డీసీ యునైటెడ్ గురించి తెలుగులో ఇంత రాసిందంటే నాకు కడుపు నిండిపోయింది. మనవాళ్లు ఫుట్‌బాల్ మీద రాసేదే తక్కువ. రాసినా గోల్ కొట్టినవాడి గురించే రాస్తాం. నువ్వు బెంచి మీద కూర్చున్నవాణ్ణి ఎంచుకున్నావు. ఎవరేమన్నా అది మాత్రం వదులుకోకు.

ఇక పెన్సిలు గీతల సంగతి.

మొదటి వాక్యంలోనే, నువ్వు ఎంచుకున్న ఆ కుర్రాడు ఫ్రెడ్డీ ఆడు ఇంటిపేరు తెలుగులో ‘ఆడు’ అని వినిపిస్తుందని రాశావు. తీసెయ్. తెలుగు చదివేవాళ్లకి ఆ పేరు చూడగానే తడుతుంది. తమంతట తమకి తట్టేదాన్ని మనం ముందే చెప్పేస్తే ఆ ఆనందం వాళ్లకి దక్కదు. పదో పేజీలో కుర్రాడు బెంచి మీద కూర్చుని కోచ్ వైపు చూస్తుంటాడు కదా, అక్కడ ఆ పేరు దానంతటదే పలుకుతుంది.

రెండో పేజీలో ‘వేలంలో కొన్నారు’ అన్నావు. ఐపీఎల్ అలవాటు అది. డ్రాఫ్ట్ వేలం కాదమ్మా. అక్కడ ఎవరూ చెయ్యెత్తి ధర పెంచరు. వంతులుంటాయి. మామూలుగా నిరుడు వెనకబడ్డ జట్టుకి ముందు వంతు, కప్పు గెలిచిన జట్టుకి చివరి వంతు. ఎక్కువగా కాలేజీల్లో ఆడి వచ్చిన కుర్రాళ్లని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. పిలిచిన ఊరికి వెళ్లాలి. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్‌లో దీనికి సూపర్‌డ్రాఫ్ట్ అని పేరు, 2000 నుంచి ఉంది. మన పాఠకులకి ఇది తెలియదు కాబట్టి ఒక పేరా ఖర్చుపెట్టినా తప్పులేదు. ఎందుకంటే నీ కథలో కోపం పుట్టేది ఇక్కడే. కాలేజీ జట్టులో వాడే రాజు. సీజనంతా కలిపి సుమారు ఇరవై మ్యాచ్‌లు, అన్నీ ఆగస్టు నుంచి డిసెంబరు లోపల. అలిసిపోతే బయటికొచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ దిగొచ్చు, కాలేజీ నియమాలు ఒప్పుకుంటాయి. తర్వాత ఒక జనవరి పూట, అప్పట్లో డ్రాఫ్ట్ జనవరిలోనే, టీవీ ముందు తన పేరు అందరికంటే ముందు వింటాడు. సీజన్ మొదలయ్యేసరికి తన స్థానంలో ముప్పై ఏళ్ల మనిషి, భార్యాబిడ్డల్ని ఆ జీతంతోనే పోషించుకునేవాడు ఉంటాడు. అతను పక్కకి జరగడు. ఎందుకు జరగాలి?

ఆడు కాలేజీకి కూడా వెళ్లలేదు. ఘనాలోని తేమా రేవుపట్నంలో పుట్టి, గ్రీన్‌కార్డు లాటరీలో అదృష్టం కలిసొచ్చి మీ మేరీలాండ్‌కే వచ్చిన కుటుంబం. 2004 జనవరిలో డీసీ యునైటెడ్ అతణ్ణి మొదటి పేరుగా పిలిచినప్పుడు పద్నాలుగేళ్లు. ఆ మొదటి వంతు అసలు డాలస్ జట్టుది. పిల్లాడు ఇంటికి దగ్గర్లో ఉండాలని ముందే ఏర్పాటు చేసుకున్నారు. లీగ్‌లో అందరికంటే పెద్ద జీతం, నైకీ ఒప్పందం, పెలే పక్కన నిలబడి కూల్‌డ్రింకు ప్రకటన. ఇవన్నీ నువ్వు బాగానే రాశావు. ఆ సంవత్సరం లీగ్‌లో ప్రతి మ్యాచ్‌లోనూ, ముప్పై మ్యాచ్‌ల్లోనూ, అతను మైదానంలో దిగాడనీ, 5 గోల్స్ కొట్టాడనీ మాత్రం ఎక్కడో కింద ఒక్క ముక్కలో వదిలేశావు. పైకి తీసుకురా. పద్నాలుగేళ్ల పిల్లాడు పెద్దవాళ్ల లీగ్‌లో చేసిన పని అది. అది చెప్పకుండా నేరుగా ‘పతనం’ అంటే, నువ్వు కూడా అప్పటి టీవీవాళ్లలాగే పిల్లాడి నుంచి పిల్లాడు ఇవ్వలేనిది అడుగుతున్నట్టు.

ఇంకో సంగతి. కోచ్ పీటర్ నోవాక్‌ని విలన్‌గా పెట్టావు. 2005 చివర్లో కుర్రాడు తనకి ఆడే సమయం దొరకడం లేదని పత్రికలవాళ్లతో అన్నాడు, క్లబ్ ఒక మ్యాచ్ సస్పెండ్ చేసింది. నిజమే. అప్పటికి వాడికి పదహారేళ్లు. వాడి బాధ నాకూ బాధే. కానీ వాడు కోరుకున్న చోటు మైదానం నడిమధ్య, దాడిని నడిపించే చోటు. అక్కడ 2004 నడుమ అర్జెంటీనా నుంచి వచ్చిన క్రిస్టియన్ గోమెజ్ ఆడుతున్నాడు. రెండేళ్లకి, 2006లో, లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా నిలిచింది ఆ గోమెజే. నువ్వు కోచ్‌వైతే ఏం చేసేదానివి? నోవాక్ కుర్రాణ్ణి అంచుల్లో ఆడించాడు. ఆ నోవాకే 2011లో ఫిలడెల్ఫియా జట్టు నడుపుతూ ఆడుని మళ్లీ పిలిచి తీసుకున్నాడు. నువ్వు అల్లిన విలన్ కథకి ఇది అడ్డం వస్తుంది. అడ్డం రానీ. అక్కడే ఆగి ఆలోచించు.

ఇప్పుడు అసలు మాట. నీ నలభై పేజీల్లో ఒక మనిషి లేడు. అలెకో ఎస్కందారియన్.

ఆడు కంటే ఏడాది ముందు, 2003 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిది. పిలిచింది ఇదే డీసీ యునైటెడ్. నాన్న 1978 ప్రపంచకప్‌లో ఇరాన్‌కి ఆడిన డిఫెండర్. కొడుకు వర్జీనియా యూనివర్సిటీలో గోల్స్ వాన కురిపించి, 2002లో దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హెర్మన్ ట్రోఫీ అందుకుని వచ్చాడు. వచ్చిన సంవత్సరం కోచ్ వేరు, రే హడ్సన్. సీజనంతా కలిపి మూడే గోల్స్. మొదటి పేరు పిలిపించుకున్న స్ట్రైకర్‌కి మూడు గోల్స్ అంటే ఆ ఇంట్లో డిసెంబరు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకో. ఊహించుకో గానీ రాయకు, అది నీకు తెలియదు. మరుసటేడు నోవాక్ వచ్చాడు. అదే కుర్రాడు, అవే కాళ్లు, 10 గోల్స్. 2004 నవంబరు 14న కాలిఫోర్నియాలోని కార్సన్‌లో ఫైనల్. కాన్సస్ సిటీ ముందు గోల్ కొట్టింది. ఎస్కందారియన్ మొదటి అరగంట లోపలే రెండు కొట్టి ఆట తిప్పేశాడు. 3-2తో కప్పు, ఫైనల్లో ఉత్తమ ఆటగాడు అతనే. అదే మ్యాచ్ రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగినవాడు ఆడు.

చూశావా? ఒక జట్టు, ఒక కోచ్, వరుసగా రెండేళ్ల మొదటి పేర్లు, ఒక సాయంత్రం. ఒకడి కోపం ఏడాదిలో గోల్స్‌గా మారింది, ఇంకొకడిది మరుసటేడు పేపర్లకెక్కింది. నీ కథ ఈ ఇద్దరి మధ్య ఉంది. ప్రతిభ ఉండి పాడైపోయాడనే ఏకపాత్రాభినయం ఇప్పటికే చాలామంది రాసేశారు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఈ తప్పు నేను చేశాను.

నేను రిపోర్టర్‌గా చేరిన కొత్తల్లో లాల్‌బహదూర్ స్టేడియంలో ఒక టోర్నమెంటు. ప్రెస్ బాక్సులో ఉక్కగా ఉందని కిందికి దిగి, బయటి ఊరి నుంచి వచ్చిన జట్టు బెంచి వెనక కూర్చున్నాను. పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు. ఆ ఏడే పెద్ద క్లబ్‌లోకి ఎంపికయ్యాడు. రెండో సగం మొదలైనప్పటి నుంచి గీత పక్కన అటూ ఇటూ పరిగెడుతున్నాడు. బూటు లేసులు విప్పుతాడు, కడతాడు. షిన్ గార్డు మీద ప్లాస్టరు ఊడదీసి మళ్లీ చుడతాడు. ఆట ఆగినప్పుడల్లా కోచ్ వైపు చూస్తాడు. ఆఖరి మార్పు కూడా అయిపోయింది, పేరు వేరేవాడిది. ఇక దిగేది లేదని తెలిశాక, సబ్‌స్టిట్యూట్లు జెర్సీ మీద వేసుకునే నారింజరంగు బిబ్ తీసి, నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, సంచిలో అన్నిటికంటే పైన పెట్టాడు. తర్వాత వెళ్లి అందరి నీళ్ల సీసాలూ ఏరాడు.

నేను ఆఫీసుకి వెళ్లి ‘నిరాశతో కుంగిపోయిన యువ ఆటగాడు’ అని రాశాను. అచ్చయింది. మర్నాడు పొద్దున ప్రాక్టీసు దగ్గర వాడు కనిపిస్తే, సిగ్గుపడుతూనే అడిగాను, ‘కోచ్ నీకేం చెప్పారు?’ అని. వాడు వచ్చీరాని హిందీలో అన్నాడు: “రెడీగా ఉండమన్నారు సార్. దేనికి రెడీగా ఉండాలో చెప్పలేదు.”

వార్త ఆ రెండు వాక్యాల్లో ఉంది. నేను కుంగిపోయాడని రాశాను. బిబ్ మడత పెట్టడం కళ్లారా చూసి కూడా రాయలేదు.

అప్పటి నుంచి ఏ కుర్రాడి గురించి రాసినా నాది ఒకటే ప్రశ్న. వాడికి ఏం చెప్పారు? ఏ మాటల్లో, ఎవరు, ఏ రోజున? రేపు పొద్దున మైదానంలోకి వెళ్లి పని మొదలుపెట్టగలిగేటంత స్పష్టంగా చెప్పారా, లేక ‘ఓపిక పట్టు’ అని భుజం తట్టి వెళ్లిపోయారా? ఆడలేకపోతున్నాననే కోపం చెడ్డదేం కాదు, ఆకలి లాంటిది. అన్నం ఎప్పుడో తెలిస్తే పిల్లాడు ఊరుకుంటాడు. తెలియకపోతే ఏడుస్తాడు, గిన్నెలు విసురుతాడు, పత్రికలవాళ్లకి ఫోన్ చేస్తాడు.

మన ఊళ్లోనే ఉండేవారు అలా చెప్పగలిగినాయన. సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని, ఆ తర్వాత భారత జట్టుని నడిపి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం దాకా తీసుకెళ్లారు. బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలని ఒక పోటీ, డ్రిబ్లింగ్ చెయ్యకూడదని ఇంకో పోటీ పెట్టేవారు. కుర్రాడికి ఉపన్యాసం ఉండదు. ఈ పూట ఎడమకాలు, అంతే. సాయంత్రానికి వాడికే తెలుస్తుంది తనకేం రాదో.

మీ అమెరికా లీగ్‌లోనూ వెతుకు. తేజాన్ బుకానన్‌ని 2019లో న్యూ ఇంగ్లండ్ తొమ్మిదో పేరుగా పిలిచింది. మొదటి ఏడు పెద్దగా ఏమీ లేదు. 2020లో కోచ్ బ్రూస్ అరీనా ఈ దాడి చేసే కుర్రాణ్ణి కొన్నాళ్లు రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా, ఆడించాడు. దాడిలో ఆడాలనుకునేవాడికి అది అవమానంలా తోచొచ్చు. కానీ దానివల్ల మైదానంలో నిమిషాలు దొరికాయి, ఎదురుగా మైదానమంతా కనబడింది. అక్కణ్ణుంచి బెల్జియంలోని క్లబ్ బ్రూజ్‌కి, తర్వాత ఇంటర్ మిలాన్‌కి వెళ్లాడు. ఆడు వచ్చిన 2004 డ్రాఫ్ట్‌లోనే ఎనిమిదో పేరు క్లింట్ డెంప్సీ, ముప్పై ఆరో పేరు మైకేల్ బ్రాడ్లీ. ఇద్దరూ తర్వాత అమెరికా కెప్టెన్లయ్యారు. వీళ్లని తలా ఒక పేరాలో దాటెయ్, బరువు మోసేది వీళ్లు కాదు.

సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రిని వదిలేయకు. 2010లో కాన్సస్ సిటీకి వెళ్లాడు. డ్రాఫ్ట్‌లో కాదు, ఒప్పందం మీద. లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. యూఎస్ ఓపెన్ కప్ అర్హత పోటీలో ఆడాడు. ఆ తర్వాత భారత్‌కి 90కి పైగా గోల్స్ పూర్తి చేశాడు. మన పాఠకుడికి బెంచి ఎలా ఉంటుందో అతని ద్వారా తేలిగ్గా తెలుస్తుంది.

భాష గురించి ఒక్క మాట. ‘క్లీన్ బౌల్డయ్యాడు’, ‘సెకండ్ ఇన్నింగ్స్ మొదలైంది’ లాంటివి ఏడు చోట్ల లెక్కపెట్టాను. ఫుట్‌బాల్ రాస్తూ క్రికెట్ దగ్గర అప్పు చెయ్యకు. బంతి, గీత, బెంచి, పాస్, మార్కింగ్ ఇవి చాలు. ‘తీవ్ర మనస్తాపానికి గురయ్యాడు’ కూడా కొట్టేశాను. లేసులు ఎన్నిసార్లు కట్టాడో రాయి.

నీ ఉత్తరం చివర్లో, ఒక పత్రిక మూడుసార్లు నీ వ్యాసం తిప్పి పంపిందనీ, ప్రతిసారీ ‘ఇంకా పదును కావాలి’ అని ఒక్క ముక్కే రాసిందనీ, ఇక రాయడం మానేద్దామనిపిస్తోందనీ అన్నావు. చదివి నాకు ఆ బిబ్ గుర్తొచ్చింది. నిన్ను ఓపిక పట్టమని నేననను. ఇదిగో పని, ఇదిగో గడువు.

ఈ నెలాఖరులోగా నాకు నాలుగు పేజీలు కావాలి. 2003 సీజన్, ఎస్కందారియన్ ఒక్కడే. ఆ ఏడు అతను మొదటి నిమిషం నుంచి ఆడినవి ఎన్ని, ఆఖర్లో దిగినవి ఎన్ని, అసలు దిగనివి ఎన్ని, పాత స్కోరు పట్టికల్లో లెక్క తియ్యి. ఆ ఏడూ, మరుసటేడూ అతను స్వయంగా పత్రికలకిచ్చిన మాటలన్నీ పోగుచెయ్యి. కుదిరితే అతణ్ణే అడుగు. హడ్సన్ మీకేం చెప్పారు, నోవాక్ ఏం చెప్పారు, ఈ రెండు ప్రశ్నలే. జవాబు రాకపోతే రాలేదని రాయి, నువ్వు పూరించకు.

ముప్పై ఎనిమిదో పేజీ మాత్రం ముట్టుకోకు. స్టేడియం–ఆర్మరీ మెట్రో స్టేషన్‌లో దిగి, కూలగొడుతున్న, అప్పట్లో డీసీ యునైటెడ్ ఆడిన పాత ఆర్‌ఎఫ్‌కే స్టేడియం కంచె దాకా నడిచి, దుమ్ములోంచి కనబడుతున్న కుర్చీల వరసలు చూసి, బెంచి ఏ వైపు ఉండేదో అక్కడి కాపలా మనిషిని అడిగావు చూడు, అది. ఆ పేజీని చివర్నించి తెచ్చి మొదట్లో పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు